అవతలి గట్టు నుంచి తిరిగొచ్చిన వార్త

తూర్పు జర్మనీలో రాత్రి ఏడున్నరకు ఒక వార్తలు, ఎనిమిదింటికి ఇంకో వార్తలు. ఏడున్నరవి సొంత ప్రభుత్వం చెప్పేవి. ఎనిమిదింటివి గోడ అవతల పశ్చిమ జర్మనీ నుంచి వచ్చేవి. రెండూ జర్మన్ భాషలోనే. ఒకే ఇంట్లో, ఒకే పెట్టెలో, అర్ధగంట తేడాతో ఒకే రోజు గురించి రెండు కథలు వినడం అక్కడ ఒక తరం మొత్తానికి అలవాటు. 1989 శరదృతువులో ఆ దేశపు వీధుల్లో జరిగినదాని గురించి రాయమంటే అందరూ గోడ దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఈ అర్ధగంట దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది.

యుద్ధంలో ఓడిన జర్మనీ 1949లో రెండు రాజ్యాలయింది. 1961 ఆగస్టు 13న బెర్లిన్‌లో గోడ లేచింది. మనుషుల్ని ఆపడం అయిపోయాక పాలకులకు గాలిలో వచ్చే బొమ్మల గొడవ పట్టుకుంది. ఆ సెప్టెంబరులోనే పార్టీ యువజన సంఘం కుర్రాళ్ళు ఇళ్ళ కప్పులెక్కి, పడమటికి తిరిగి ఉన్న ఏరియళ్ళను పక్కకు తిప్పేశారు, కొన్ని విరగ్గొట్టారు. జనం వాటిని అటకల్లో పెట్టుకుని చూడసాగారు. ఎన్నాళ్ళని తిప్పుతారు? 1973లో పార్టీ అధినేత హోనెకర్, ఇష్టమున్నవాళ్ళు పెట్టుకుంటారు, లేనివాళ్ళు ఆపేసుకుంటారు అనే అర్థం వచ్చేలా మాట్లాడి ఆ తగాదా వదిలేశాడు.

రాత్రిపూట విజయవాడ స్టేషను కోసం రేడియో ముల్లు అటూ ఇటూ తిప్పిన హోసూరు, బరంపురం పాఠకులకు ఈ ఏరియల్ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. కాకపోతే మనం తిప్పింది పాటల కోసం, నాటకాల కోసం. ఎందుకు తిప్పావని మనల్ని ఎవరూ నిలదీయలేదు.

ఆ బొమ్మలు అందని చోట్లు కూడా ఉండేవి. ఎల్బే నది లోయలో ఉన్న డ్రెస్డెన్ నగరానికీ, దాని తూర్పు ప్రాంతానికీ పశ్చిమ జర్మనీ ప్రసారం చేరేది కాదు. మిగతా జర్మన్లు ఆ ప్రాంతాన్ని వేళాకోళంగా 'ఏమీ తెలియనివాళ్ళ లోయ' అనేవారు. ఈ లోయ తర్వాత పరిశోధకులకు బాగా పనికొచ్చింది. అవతలి టీవీ చూసినవాళ్ళకూ చూడనివాళ్ళకూ తేడా ఏమిటో ఇక్కడ పోల్చి చూడవచ్చు గదా! హోల్గర్ కెర్న్, యెన్స్ హైన్‌ముల్లర్ అనే ఇద్దరు 1988-89 నాటి సర్వేలను తిరగేసి 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళకు దొరికిన జవాబు మనం ఊహించేదానికి తలకిందులు. పశ్చిమ టీవీ చూసినవాళ్ళే తమ ప్రభుత్వంతో కాస్త ఎక్కువ సర్దుకుపోయారట. సాయంత్రానికి ఒక సీరియలూ ఒక సినిమా దొరికితే బతుకు కొంత భరించదగ్గదిగా ఉంటుంది మరి. ఏమీ అందని లోయలోనే దేశం విడిచిపోతామని దరఖాస్తులు పెట్టినవాళ్ళు ఎక్కువ. టీవీ పెట్టె విప్లవం తెచ్చిందని తేలిగ్గా రాసేవాళ్ళు ఈ వ్యాసం ఒకసారి చూడాలి. అయినా ఆ శరదృతువులో అవతలి కెమెరాలు చేసిన పని ఒకటుంది. అది తెలియాలంటే లైప్‌జిగ్ వెళ్ళాలి.

లైప్‌జిగ్ పాత వర్తక నగరం. అక్కడి సెయింట్ నికొలస్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం 5 గంటలకు శాంతి ప్రార్థనలు జరిగేవి. ప్రార్థన అయ్యాక బయటి ఆవరణలో జనం నిలబడి మాట్లాడుకునేవారు. సంఘాలు పెట్టుకునే వీలు లేని దేశంలో అదే సభ, అదే రచ్చబండ. 1989 సెప్టెంబరు 4న నగరంలో శరత్కాలపు వాణిజ్య ప్రదర్శన నడుస్తోంది. దానికోసం విదేశీ విలేకరులను రానిచ్చారు. ఆ సాయంత్రం చర్చి ముందు ఇద్దరు యువతులు ఒక బ్యానరు విప్పారు. స్వేచ్ఛగల మనుషులతో, తలుపులు తెరిచిన దేశం కావాలని దానిమీద ఉంది. మఫ్టీలో ఉన్న రహస్య పోలీసులు కొన్ని క్షణాల్లోనే దాన్ని లాగి పారేశారు. బ్యానరుతోపాటు ఆ లాగడం కూడా పశ్చిమ జర్మనీ కెమెరాల్లో పడింది. లైప్‌జిగ్‌లో జరిగినదాన్ని లైప్‌జిగ్ వాళ్ళు అవతలి దేశపు వార్తల్లో చూశారు. తర్వాతి సోమవారానికి ప్రదర్శన ముగిసింది, కెమెరాలు వెళ్ళిపోయాయి. అదే ఆవరణలో పోలీసులు జనాన్ని చుట్టుముట్టి అరెస్టు చేశారు.

సొంత పత్రికలు ఏం చేస్తున్నాయంటారా? ప్రతి గురువారం పార్టీ కేంద్ర కార్యాలయంలో సంపాదకులను కూర్చోబెట్టి వచ్చేవారం ఏం రాయాలో, ఏం రాయకూడదో చెప్పే ఆనవాయితీ ఉండేది. ఆ వేసవిలో వేలమంది హంగరీ మీదుగా పారిపోయారు. వాళ్ళ గురించి అక్టోబరు 2న పార్టీ దినపత్రిక, పోయేవాళ్ళ కోసం ఒక్క కన్నీటిబొట్టు కూడా వృథా అని రాసింది. తమ కొడుకో కోడలో పోయిన ఇళ్ళలో కూడా ఆ పత్రికే చదువుతారన్న స్పృహ రాసినవాడికి లేకపోయింది. అక్టోబరు 6న లైప్‌జిగ్ పార్టీ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. శ్రామిక సాయుధ దళాల నాయకుడొకరి పేరు దానికింద ఉంది. ఈ శత్రుచర్యలను అణచడానికి అవసరమైతే ఆయుధం పడతామన్నది అందులోని మాట. ఈ బెదిరింపు మరీ గట్టిగా పనిచేయడానికి కారణముంది. జూన్‌లో బీజింగ్ తియానన్మెన్ దగ్గర సైన్యం జనాన్ని కాల్చినప్పుడు తూర్పు జర్మనీ పార్లమెంటు దాన్ని సమర్థిస్తూ తీర్మానం చేసింది. ఆ తీర్మానం అందరికీ గుర్తుంది. అప్పటికి నాలుగు నెలలు.

అక్టోబరు 9, సోమవారం. పోలీసులు, సైనికులు, శ్రామిక దళాలు కలిసి దాదాపు 8,000 మందిని సిద్ధంగా ఉంచారు. పిల్లల్ని పెందలాడే ఇంటికి తెచ్చుకొమ్మన్న మాట ఊరంతా పాకింది. విదేశీ విలేకరులను నగరంలోకి రానివ్వలేదు. అయినా సాయంత్రానికి వీధిలోకి వచ్చినవాళ్ళు 70,000 మంది. ఇక్కడ నేను ఒక సంగతి నొక్కి చెప్పదలిచాను. ఆ 70,000 మంది బయల్దేరేటప్పుడు వాళ్ళకోసం ఏ కెమెరా కాచుకుని లేదు. ఉన్నది ఒక్కటి, దాని సంగతి వాళ్ళకు తెలియదు.

సీగ్‌బర్ట్ షెఫ్కె, ఆరామ్ రాడోమ్‌స్కీ తూర్పు బెర్లిన్ యువకులు. ఇంటిముందు రహస్య పోలీసుల కాపలా ఉండగా షెఫ్కె కప్పుల మీదుగా బయటపడ్డాడు. ఇద్దరూ కారులో లైప్‌జిగ్ చేరి, రిఫార్మ్‌డ్ చర్చి పాస్టరు ఒప్పుకోవడంతో గోపురమెక్కారు. పావురాల రెట్టల్లో పడుకుని, కింద రింగు రోడ్డు మీద సాగిపోతున్న జనాన్ని చిత్రీకరించారు. ఆ క్యాసెట్‌ను 'స్పీగెల్' వారపత్రిక విలేకరి ఉల్‌రిష్ ష్వార్‌ట్స్ బట్టల్లో దాచుకుని సరిహద్దు దాటించాడు. పశ్చిమ బెర్లిన్‌లో దాన్ని అందుకున్నవాడు రోలాండ్ యాన్. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1983లో బలవంతంగా రైలెక్కించి పంపేసిన మనిషి. మర్నాడు రాత్రి అవతలి వార్తల్లో ఆ బొమ్మలు వచ్చాయి. తీసినవాళ్ళను కాపాడడానికి, ఇది ఒక ఇటలీ కెమెరా బృందం తీసిందని చెప్పారు. ఆ అబద్ధాన్ని నేను తప్పుపట్టను.

కాని ఆ సోమవారం నెత్తురు చిందకుండా ఆగింది ఈ క్యాసెట్ వల్ల కాదు. దానికి వేరే మాధ్యమం పనిచేసింది, మనం తక్కువగా తలచుకునేది: నగరపు మైకులు. వీధి కూడళ్ళలో స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లలో సంగీత దర్శకుడు కుర్ట్ మాజూర్ గొంతు వినిపించింది. ఆయనతోపాటు ఒక మతశాస్త్రజ్ఞుడు, ఒక హాస్య కళాకారుడు, ముగ్గురు స్థానిక పార్టీ కార్యదర్శులు కలిసి రాసిన విజ్ఞప్తి అది. ఇరుపక్షాలూ నిగ్రహం పాటించండి, మాట్లాడుకుందాం అని. మొట్టమొదటిసారి పార్టీవాళ్ళు జనంతో మాట్లాడుకోవాలన్న మాట ఆ మైకుల్లోంచి వచ్చింది. బెర్లిన్ నుంచి కాల్చమనే ఆజ్ఞ రాలేదు, ఇక్కడివాళ్ళు తుపాకీ ఎత్తలేదు. క్యాసెట్ పని ఆ తర్వాత మొదలైంది. 'లైప్‌జిగ్‌లో డెబ్బై వేలమంది నడిచారు, ఎవరూ చావలేదు' అన్న కబురు దేశంలోని మిగతా ఊళ్ళకు చేరాలి. ఆ కబురు ఊరు దాటి, దేశం దాటి, అవతలి గట్టు మీద నిలబడి మళ్ళీ ఇవతలికి చేరింది. వచ్చే సోమవారానికి లైప్‌జిగ్‌లో 1,20,000 మంది.

అక్టోబరు 18న హోనెకర్ దిగిపోయాడు. పత్రికల పెత్తనం చేసిన హెర్మన్ కూడా ఆ రోజే పోయాడు. 'నల్ల ఛానల్' అనే కార్యక్రమం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 1960 నుంచి దాన్ని నడిపినవాడు ష్నిట్‌స్లర్. పశ్చిమ టీవీ ముక్కలు చూపించి అవి ఎందుకు అబద్ధాలో తిట్టిపోయడం ఆయన పని. చూడాలంటే రాత్రి పాత సినిమా అయ్యేదాకా కూర్చోవాలి. అదీ సోమవారమే! వీధులు నిండిన సోమవారాల్లో ఒకటైన అక్టోబరు 30న ఆయన కొద్ది నిమిషాల్లో సెలవు తీసుకున్నాడు. ఐదు రోజులకు, నవంబరు 4న తూర్పు బెర్లిన్ అలెగ్జాండర్ చౌక్‌లో లక్షలమంది చేసిన ప్రదర్శనను ప్రభుత్వ టీవీయే నేరుగా ప్రసారం చేసింది. నెలరోజుల్లో ఎంత దూరం! ఆ నవంబరులో మనదగ్గర లోక్‌సభ ఎన్నికల సందడి. ప్రభుత్వ దూరదర్శన్ తప్ప ఇంకో టీవీ ఎరగని మనకు ఈ మార్పు ఎంత పెద్దదో ఆనాడు పూర్తిగా అందలేదనుకుంటాను.

నవంబరు 9న జరిగింది ఇంకో విడ్డూరం. సాయంత్రం ఏడు కావస్తుండగా విలేకరుల సమావేశంలో పార్టీ నాయకుడు షబోవ్‌స్కీ, ప్రయాణాల కొత్త నిబంధన చదివి, ఎప్పటినుంచని అడిగితే తడబడి, ఇప్పటినుంచే అన్నాడు. ఎనిమిదింటి పశ్చిమ వార్తలు సరిహద్దు తెరుస్తున్నారని చెప్పాయి. పదిన్నర దాటాక వార్తలు చదివే ఫ్రీడ్రిక్స్, గోడ ద్వారాలు బార్లా తెరిచి ఉన్నాయన్నాడు. అప్పటికి తెరిచి లేవు. ఆ మాట విన్నవాళ్ళు కోట్లూ టోపీలూ వేసుకుని ద్వారాల దగ్గరికి పోయారు. బోర్న్‌హోల్మర్ వీధి ద్వారం దగ్గర జనం ఒత్తిడికి తాళలేక పదకొండున్నర ప్రాంతంలో కాపలా అధికారి తలుపు తీశాడు. వార్త ముందు పుట్టి, ఘటన దానివెంట నడిచిన రాత్రి అది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కాని కెమెరా అరువిచ్చినవాడికి ఏ బొమ్మ నచ్చుతుందన్న ప్రశ్న ఉంది. అక్టోబరులో లైప్‌జిగ్ జనం 'మేమే ప్రజలం' అన్నారు. అంటే మా పేరు చెప్పుకుని పాలించేవాళ్ళారా, మేమిక్కడున్నామని. నవంబరు చివరికి నినాదంలో ఒక చిన్న మాట మారింది: 'మేము ఒకే ప్రజ'. జర్మన్ మాటకు ప్రజలు, జాతి అన్న రెండర్థాలూ ఉన్నాయి. మొదటి నినాదంలో మొదటిది, రెండో నినాదంలో రెండోది. తమ దేశాన్ని లోపలే బాగుచేసుకుందామని నవంబరు 26న క్రిస్టా వోల్ఫ్ వంటి రచయితలు విజ్ఞప్తి చేశారు. రెండు రోజులకు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ ఏకీకరణ దారి చూపే పది అంశాలు ప్రకటించాడు. డిసెంబరు 19న ఆయన ప్రసంగించింది డ్రెస్డెన్‌లో, శిథిల చర్చి ముందు, జెండాల మధ్య. 'ఏమీ తెలియనివాళ్ళ లోయ' ఆ రాత్రి అవతలి టీవీకి ఆ శీతాకాలపు పెద్ద బొమ్మ ఇచ్చింది. 1990 మార్చి 18 ఎన్నికల్లో కోల్ పక్షపు కూటమికి 48 శాతం ఓట్లొచ్చాయి. భయపడే రోజుల్లో వీధిలోకి దిగిన సంఘాల కూటమికి 2.9 శాతం.

మన పత్రిక పాఠకులకోసం ఇంకొక్కరి సంగతి. అదే డ్రెస్డెన్ తూర్పున, లుసేషియాలో సోర్బులనే స్లావ్ జాతివాళ్ళు ఉంటారు. దాదాపు 60,000 మంది అంటారు. వాళ్ళ భాషకు గోడ అవతల ఇంకో దేశం లేదు. ఎనిమిదింటి వార్తలు లేవు. ఉన్నదల్లా బౌట్సెన్ నుంచి వచ్చే ఒక్క దినపత్రిక 'నోవా దోబా'. అదీ పార్టీ చెప్పుచేతల్లో ఉన్న సంఘానిదే. జనం 'ఒకే ప్రజ' అని అరుస్తున్నప్పుడు వాళ్ళు ఆ మాటలో తమను ఎక్కడ వెతుక్కోవాలి? ఏకీకరణ తర్వాత ఆ పత్రిక తన పాత పేరు 'సెర్బ్‌స్కె నోవినీ', అంటే సోర్బుల వార్తలు, మళ్ళీ పెట్టుకుంది. ఇప్పటికీ బౌట్సెన్ నుంచే వస్తోంది.