ఫైలు లేనిదే ఎగరని విమానం

ముప్పై ఏళ్ళు సర్కారు ఆఫీసుల్లో ఫైళ్ళు మోసిన గుమాస్తాకు విమానాల సంగతెందుకని నవ్వకండి. కాగితాలు లేనిదే కదలని వస్తువు అది.

మన పాత కరీంనగర్ జిల్లా బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన రన్‌వే ఉంది. 1980లలో హైదరాబాదు నుండి వాయుదూత్ విమానం అక్కడికి వచ్చేది. టిక్కెట్టు కొనే స్తోమతు లేక కంచె ఇవతల నిలబడి చూశాను. సర్వీసు ఆగిపోయింది, నేను ఎక్కనే లేదు.

నాకు అంతకన్నా చిన్న విమానాలే ఇష్టం. 1958లో బెంగుళూరు హెచ్.ఏ.ఎల్. వారి పుష్పక్ ఎగిరింది. రెండు సీట్లు, 90 గుర్రాల ఇంజను, రెక్కలకు గుడ్డ కప్పు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు. ఆ గుడ్డ ఎండకూ తేమకూ చివికిపోతుంది. తరచూ చూసుకుని మార్చాలి.

నేటి లైట్ స్పోర్ట్ విమానమూ ఆపాటిదే, బరువు 600 కిలోలు దాటరాదు. డబ్బు కట్టినంత మాత్రాన ఎగరలేము. డి.జి.సి.ఏ.లో రిజిస్టరు చేయించి 'వి.టి.' నంబరు రాయించాలి. ఎగరడానికి యోగ్యమన్న కాగితం వేరే. ఎగిరిన ప్రతి గంటా లాగ్‌బుక్కులో ఎక్కాలి, ప్రతి మరమ్మతు కిందా అర్హుడి సంతకం పడాలి. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ లేక ఇంక్రిమెంటు పోగొట్టుకున్న నాకు దాని విలువ తెలుసు. 1934 నాటి చట్టం పోయి, 2025 జనవరి 1న కొత్తది వచ్చింది. లాగ్‌బుక్కు మాత్రం పోలేదు.

ఆదిలాబాద్‌లో నిజాం కాలపు ఎయిర్‌ఫీల్డు ఉంది. అక్కడ పౌర విమానాలకు 2025లో వాయుసేన ఒప్పుకుంది. ఆ పని సాగేటప్పుడు చిన్న విమానాలకూ ఒక షెడ్డు, ఒక మెకానిక్కు ఏర్పాటు చేయాలని నా మనవి.