ఇయాదత్ : అన్నవాహిక క్యాన్సర్ రోగులకు తోడు నిలిచినవారి చరిత్ర

రోగిని పరామర్శించడాన్ని మనం ఇయాదత్ అంటాం. ఒక ముస్లింకు మరొక ముస్లింపై గల హక్కులలో ఇది ఒకటని చిన్ననాడే నేర్చుకున్నాం. ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే అసర్ నమాజు కాగానే నలుగురం కలసి వెళ్తాం. మంచం పక్కన కూర్చుని క్షేమం అడిగి, షిఫా కోసం దువా చేసి వస్తాం. ఇది మంచి ఆచారమే. కాని ఆ జబ్బు సంగతి ఏమీ తెలియకుండా వెళ్తే మన పరామర్శ కూడా రోగికి బరువే అవుతుందని మేము ఒకసారి కళ్లారా చూశాం. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

కొన్నేండ్ల క్రిందట ఒక రంజాన్ నెలలో మన పెద్దలలో ఒకరు ఇఫ్తార్ వేళ ఖర్జూరం నోట పెట్టుకుని, మింగలేక, రుమాలులోకి తీసి పెట్టుకున్నారు. “పంటి నొప్పి” అన్నారు. మేము నమ్మాం. నాలుగు నెలలు ఆయన దావత్‌లకు రావడం మానుకున్నారు. ఆ తర్వాత అన్నవాహికలో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషను అయి ఇంటికి వచ్చాక మేము ఆపిల్ పండ్లు, అరటి పండ్లు పట్టుకుని వెళ్లాం. “తినండి చాచా, తింటేనే కదా బలం” అని ప్రతి ఒక్కరం అన్నాం. ఆయన తలవంచుకుని కూర్చున్నారే గాని మాట్లాడలేదు. కడుపు నిండా తినే భాగ్యం ఆయనకు ఇక లేదని మాకు తెలియదు. చెప్పేవారూ లేరు.

అలా చెప్పేవారిని తయారు చేసిన మనుషులు ఈ లోకంలో ఉన్నారు. వారి చరిత్ర మన కుటుంబాలవారు తెలుసుకోదగినది.

ఇబ్నె జుహర్ కాలం

అన్నవాహిక అనగా గొంతు నుండి కడుపులోనికి అన్నం దిగే గొట్టం. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అందులో పుండు పెరిగినపుడు మొదట రొట్టె, మాంసం అడ్డుపడతాయి. తరువాత మెత్తని అన్నం, ఆ తరువాత గంజి, చివరకు మంచినీళ్లు కూడా దిగవు. ఆ గొట్టం సాగే గుణం గలది కనుక, మింగడం కష్టమయ్యే నాటికే జబ్బు ముదిరి ఉంటుంది. 2020 సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 6 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. అదే ఏడు సుమారు 5 లక్షల 44 వేల మంది దీనితో మరణించారు. ఈ రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నవో చూస్తే చాలు, జబ్బు ఎంత కఠినమైనదో తెలుస్తుంది.

ఈ జబ్బు లక్షణాలను తేటగా వ్రాసిపెట్టిన తొలి వైద్యులలో ఒకరు మనవారు కావడం గమనించదగ్గ విషయం. అందులూసియాలోని సెవిల్ నగరానికి చెందిన అబూ మర్వాన్ ఇబ్నె జుహర్ 11వ శతాబ్దం చివర పుట్టి 1162 ప్రాంతంలో మరణించారు. యూరపువారు ఆయనను అవెంజోర్ అన్నారు. తత్వవేత్త ఇబ్నె రుష్ద్ ఆయన మిత్రుడు. ఇబ్నె జుహర్ తన “అల్ తైసీర్” గ్రంథంలో మ్రింగుట కష్టమగుటతో మొదలై, క్రమంగా పూర్తిగా ఆగిపోయే ఈ వ్యాధిని వర్ణించారు. వెండి గొట్టం ద్వారా పాలవంటి ద్రవాహారం లోపలికి పంపే ఉపాయం కూడా చెప్పారు. జబ్బును నయం చేసే మార్గం ఆ రోజులలో లేదు. అయినా ఆ హకీం సాహెబ్ “ఇక చేసేదేమీ లేదు” అని లేచి వెళ్లిపోలేదు. ఆకలిగొన్న మనిషికి నాలుగు చుక్కల పాలు ఎలా అందించాలా అని ఆలోచించారు. మేము చెప్పబోయే సేవకు మూలం ఈ ఆలోచనలోనే ఉన్నదని మా అభిప్రాయం.

కత్తి చేసిన మేలు, మిగిల్చిన కష్టం

ఆ తరువాత ఏడు వందల ఏండ్లకు పైగా ఛాతీలోని ఈ పుండును తీసివేయడంలో ఎవరికీ విజయం దక్కలేదు. 1913లో న్యూయార్క్ నగరంలో ఫ్రాంజ్ టోరెక్ అనే సర్జను 67 ఏండ్ల ఒక స్త్రీకి ఛాతీ తెరచి అన్నవాహికను తీసివేశారు. గొంతు దగ్గర ఒక రంధ్రం, కడుపు దగ్గర ఒక రంధ్రం పెట్టి, రెండింటిని శరీరం బయట ఒక రబ్బరు గొట్టంతో కలిపారు. ఆమె ఆ గొట్టం ద్వారానే ఆహారం తీసుకుంటూ 13 ఏండ్లు జీవించింది. సర్జను పేరు వైద్య గ్రంథాలన్నిటిలో ఉన్నది. ఆ 13 ఏండ్లు మెడ క్రింద గొట్టం పెట్టుకుని ఆ తల్లి నలుగురిలో ఎలా భోజనం చేసిందో, ఎవరు తోడున్నారో వ్రాయాలని ఆ గ్రంథాలకు తోచలేదు.

1946లో వేల్స్ దేశస్థుడైన ఐవర్ లూయిస్ అనే సర్జను మరొక పద్ధతిని వివరించారు. చెడిన భాగాన్ని కోసివేసి, కడుపునే పైకి లాగి ఛాతీలో అన్నవాహికకు కలపడం ఆ పద్ధతి. ఆ ఆపరేషను నేటికీ ఆయన పేరుతోనే చలామణి అవుతున్నది. బయట గొట్టం అవసరం తప్పింది. కాని కడుపు చిన్నదై ఛాతీలోకి చేరినవాని జీవితం మునుపటిలా ఉండదు. నాలుగు ముద్దలకే నిండిపోతుంది. ఎక్కువ తిన్నా, తీపి తిన్నా గుండె దడ, చెమటలు, విరేచనాలు. చదునుగా పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నుతుంది. బరువు తగ్గిపోతుంది. ఇంటివారు “తిను, తిను” అంటారు. రోగి కంచం ముందు నుండి లేచిపోతాడు. ఆస్పత్రివారు కుట్లు మానినవని చెప్పి ఇంటికి పంపుతారు. అసలు కష్టం ఇంటికి వచ్చాక, దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాక మొదలవుతుంది.

రోగికి రోగి తోడు

జబ్బును దాటినవారే కొత్త రోగి దగ్గరకు వెళ్లాలన్న పద్ధతి ఇతర క్యాన్సర్లలో ముందే మొదలైంది. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే స్త్రీ, తాను రొమ్ము క్యాన్సర్ ఆపరేషను చేయించుకున్నాక, అదే ఆపరేషను అయిన ఇతర స్త్రీలను చూడబోవడం ప్రారంభించారు. “రీచ్ టు రికవరీ” అని పేరు పొందిన ఆ కార్యక్రమాన్ని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చేపట్టింది. స్వరపేటిక తీసివేయబడినవారి సంఘాలు కూడా 1952లోనే ఒక అంతర్జాతీయ సంస్థగా ఏర్పడ్డాయి.

అన్నవాహిక రోగులకు ఈ భాగ్యం ఆలస్యంగా కలిగింది. ఇంగ్లండులో 1985లో ఈ జబ్బు నుండి బయటపడిన కొద్దిమంది కలసి “ఈసోఫేజియల్ పేషెంట్స్ అసోసియేషన్” స్థాపించారు. బర్మింగ్‌హామ్ పక్కనున్న సోలిహల్ దాని కేంద్రమైంది. కోటీశ్వరుని దానంతోనో, ప్రభుత్వ ఉత్తర్వుతోనో పుట్టిన సంస్థ కాదు ఇది. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నందువల్ల తమకు కలిగిన ఊరట తరువాత వచ్చేవారికి కూడా దక్కాలని ఆ కొద్దిమంది తలపోశారు. అంతే.

వారి పని చెప్పడానికి చాలా చిన్నది. కొత్త రోగి టెలిఫోను చేస్తే, అదే ఆపరేషను అయినవారు జవాబు చెబుతారు. ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చుంటారు. తినడం, పడుకోవడం గురించి చిన్న పుస్తకాలు వేసి పంచుతారు. ఊరూరా సమావేశాలు పెట్టి రోగులను, ఇంటివారిని కలుపుతారు. “మూడు పూటల భోజనం మరచిపోండి, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినండి. మంచం తలవైపు ఎత్తు పెట్టుకోండి. రాత్రి పొద్దుపోయాక తినవద్దు. బాగా నమలండి” – ఇటువంటి మాటలు. డాక్టరు కూడా ఇవే చెబుతాడు. కాని ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి తానే ఐదేండ్ల క్రిందట ఆ మంచం మీద ఉన్నవాడైనప్పుడు, ఆ మాటకు వచ్చే బలం వేరు. మందుల జోలికి, వైద్యం జోలికి వారు పోరు. అది డాక్టర్ల పని అని వారికి తెలుసు.

ఇటువంటి సంస్థను నడపడం తేలిక కాదు. ఈ జబ్బు వచ్చినవారిలో ఐదేండ్లు దాటి బ్రతికేవారు చాలా దేశాలలో నూటికి 10 నుండి 30 మంది లోపే. అంటే ఖిద్మత్ చేయడానికి మిగిలేవారే తక్కువ. వారికి కూడా జబ్బు తిరగబెట్టవచ్చు. నిన్న ధైర్యం చెప్పి వచ్చిన రోగి రేపు లేడని కబురు రావచ్చు. అయినా మరుసటి టెలిఫోను అందుకోవాలి. తాను మరచిపోదలచిన కష్టాన్ని ప్రతిసారి తలచుకుని చెప్పాలి. డబ్బు దానం చేయడం కంటె ఇది పెద్ద దానమని మేము అనుకుంటాం.

మన దేశంలో

మన దేశంలో బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రి 1941లో తెరువబడింది. మన హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని క్యాన్సర్ ఆస్పత్రి 1955లో స్థాపితమైంది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరున అది నేటికీ పేద రోగులకు ఆశ్రయంగా ఉన్నది. ఆయనే 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరు అయ్యారు. 1969లో బొంబాయిలో “క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్” పుట్టింది. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక చాలా కుటుంబాలకు ఆపరేషను ఖర్చు భయం కొంత తగ్గింది. అనగా ఆస్పత్రి ఉన్నది, డబ్బుకు దారి ఉన్నది. ఇంటికి వచ్చాక తోడు ఎవరన్నదే మిగిలిన ప్రశ్న.

జబ్బు రాకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా మనపై ఉన్నది. మన ప్రాంతాలలో కనబడే రకం ఎక్కువగా పొగాకు, జర్దా పాన్, గుట్కా, సారా వల్ల వచ్చేది. 65 డిగ్రీలు దాటిన మరీ వేడి పానీయాలు కూడా ఈ జబ్బుకు కారణం కాగలవని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రకటించింది. పొగలు కక్కే చాయ్ గటగట త్రాగడం మగతనం కాదు. ముద్ద అడ్డుపడుతున్నదని రెండు మూడు వారాలుగా అనిపిస్తే “పంటి నొప్పి” అనకుండా డాక్టరుకు చూపించాలి.

మన సంఘానికి మనవి

పైన చెప్పిన పెద్దాయన సంగతి ముగిస్తాం. ఆపరేషను తరువాత ఆయన ఒకటిన్నర సంవత్సరం జీవించారు. చివరి నెలలలో పక్క ఊరి నుండి ఒక రైతు సోదరుడు, అదే జబ్బుతో ఆపరేషనుకు వెళ్లబోతూ, ఎవరో చెప్పగా ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. అతడు ముస్లిం కాడు. చాచా గంటసేపు కూర్చుని, మంచం కోళ్ల క్రింద ఇటుకలు ఎలా పెట్టుకోవాలో, గంజిలో ఏమి కలుపుకోవాలో అతనికి చెప్పారు. తలవైపు ఇటుకలు తొలగి ఒక రాత్రి తాను క్రిందికి జారిన కథ చెప్పి ఇద్దరూ నవ్వారు. జబ్బు చేసిన తరువాత ఆయన నవ్వగా మేము చూసింది ఆ రోజే. మేము పట్టుకెళ్లిన పండ్లు చేయలేని పని అది.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. జకాత్, సద్ఖా నిధి నుండి వైద్యానికి ఇస్తున్న సహాయం అలాగే సాగనివ్వండి. దానితోపాటు ఆఫీసులో ఒక నోటుపుస్తకం పెడదాం. పెద్ద జబ్బు నుండి బయటపడినవారిలో ఇష్టమున్నవారు అందులో పేరు వ్రాయించాలి. కొత్త రోగి కబురు రాగానే వారిలో ఒకరు మొదట వెళ్లాలి, మనం తరువాత వెళ్దాం. రోగికి రోజా నుండి మినహాయింపు దీన్‌లోనే ఉన్నది. కనుక రోజా ఉండలేదని ఎవరూ సిగ్గుపడి ఇంట్లో దాక్కోకూడదు. మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఒక మూల మెత్తని గంజి గిన్నె ఉంచుదాం. అది ఎవరి కోసమని అడగవద్దు.

రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక! మనకు సరియైన ఇయాదత్ నేర్పుగాక! ఆమీన్.