మార్పులు చేసిన కారు, చెడగొట్టిన రిపేరు: డీలరుతో వ్యవహరించడం ఎలా?

మన ఊళ్ళో స్కూటరు బాగు చేయించడమంటే మెకానిక్ షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చోవడమే. ఏ బోల్టు విప్పాడో, ఏ వాషరు మార్చాడో కళ్ళ ముందే కనిపించేది. అమెరికాలో డీలరు దగ్గర ఆ వీలు లేదు. తాళం చెవి సర్వీస్ అడ్వైజరు చేతిలో పెట్టి, వెయిటింగ్ రూములో కాఫీ తాగుతూ కూర్చోవాలి. అద్దాల తలుపు అవతల ఏం జరిగిందో మనకి చెప్పేది వాళ్ళిచ్చే కాగితం ఒక్కటే. ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా బోధపడింది.

ఎమ్మెస్ పూర్తయి, ఉద్యోగం వచ్చాక నేను ముచ్చటపడి కొనుక్కున్నది ఆరు గేర్ల మాన్యువల్ కారు. స్ప్రింగులు మార్చి ఎత్తు ఒక అంగుళం తగ్గించాను, ఎయిర్ ఇన్‌టేక్ మార్చాను. కాలిఫోర్నియాలో మా ఇంటికి దగ్గరలోని డీలరు దగ్గర 1,450 డాలర్లు పెట్టి క్లచ్ వేయించాను. మూడు వారాలకి మూడో గేరులో ఈల వేసినట్టు శబ్దం మొదలైంది, ఆ తర్వాత గేరు పడటమే కష్టమైంది. మళ్ళీ తీసుకెళ్తే అడ్వైజరు కారు కిందకి వంగి చూసి, "స్ప్రింగులు మార్చారుగా, యాక్సిల్ కోణం మారి గేర్‌బాక్స్ పోయింది. దీనికి వారంటీ వర్తించదు. 4,200 డాలర్లవుతుంది" అన్నాడు.

అప్పుడు మాకున్నది ఆ ఒక్క కారే. మా ఆవిడకి ఏడో నెల. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు నాదేనని నేనూ అనుకున్నాను. ఆ రాత్రి ఎందుకో క్లచ్ బిల్లు మళ్ళీ తీసి చూశాను. అందులో గేర్ ఆయిల్ 1 క్వార్టు అని ఉంది. నా కారు సర్వీస్ మాన్యువల్ ప్రకారం ఆ గేర్‌బాక్సుకి రెండు క్వార్టుల పైనే పట్టాలి. నా కారులో క్లచ్ మార్చాలంటే ఉన్న ఆయిల్ అంతా తీసి, గేర్‌బాక్స్ కిందకి దింపాలి. తీసింది రెండు, పోసింది ఒకటి! మర్నాడు ఆ డీలరుతో సంబంధం లేని బయటి మెకానిక్‌తో ఆయిల్ తీయించి కొలిపించాను. క్వార్టు కూడా లేదు, ఉన్నదాంట్లో లోహపు పొడి. లీకు ఎక్కడా లేదని కూడా ఆయన రాసిచ్చాడు.

ఆ రెండు కాగితాలతోనే నా పని అయింది. ఆ క్రమంలో నేను తెలుసుకున్నవి, మనవాళ్ళకి పనికొస్తాయనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

మార్పు చేసినంత మాత్రాన వారంటీ పోదు

అమెరికాలో 1975లో మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. ఇది ఫెడరల్ చట్టం, అన్ని రాష్ట్రాలకీ వర్తిస్తుంది. దీని ప్రకారం, ఆ పార్టునో సర్వీసునో ఉచితంగా ఇస్తే తప్ప, "మా కంపెనీ పార్టులే వాడాలి, మా దగ్గరే సర్వీసు చేయించాలి" అని తయారీదారు వారంటీకి షరతు పెట్టడం సాధారణంగా కుదరదు. బయటి పార్టు బిగించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దయిపోదు. ఈ చట్టాన్ని అమలు చేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా వినియోగదారులకి ఇదే చెబుతుంది.

అలాగని ఇది వజ్రకవచమేమీ కాదు. మీరు బిగించిన పార్టు వల్లే, లేదా దాన్ని సరిగ్గా బిగించకపోవడం వల్లే ఫలానా భాగం పాడైందని వాళ్ళు చూపించగలిగితే ఆ భాగానికి వారంటీ నిరాకరించవచ్చు. ఇంజిన్ కంప్యూటరులో ట్యూన్ మార్చి, టర్బో ఒత్తిడి పెంచి, పిస్టన్ పగిలితే డీలరుతో వాదించి లాభం లేదు. స్ప్రింగులు మార్చారని రేడియో బాగు చేయమంటే మాత్రం కుదరదు. మార్పుకీ, పాడవడానికీ సంబంధం ఉండాలి. ఆ సంబంధం ఏమిటో కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటితో ధీమాగా చెప్పేవాళ్ళు కూడా రాయమంటే ఆలోచిస్తారు.

వారంటీ వేరు, పనితనం వేరు

నేను మొదట చేసిన పొరపాటు ఈ రెండిటినీ కలిపేయడం. తయారీలో లోపానికి కంపెనీ ఇచ్చే హామీ వారంటీ. డీలరు తాను చేసిన పనిని చెడగొడితే అది డీలరు బాధ్యత, వారంటీ గడువు అయిపోయినా సరే. డీలర్‌షిప్పులు చాలా వరకు కంపెనీ పేరు పెట్టుకున్న విడి వ్యాపారాలే. అందుకని "కంపెనీ వారంటీ ఒప్పుకోలేదు" అన్న మాటతో డీలరు తన పనితనం ప్రశ్న నుంచి తప్పించుకోలేడు. మీ ఉత్తరంలో ఈ రెండిటినీ విడివిడిగా రాయండి.

కారు ఇచ్చే ముందు

మీరు చేసిన మార్పులన్నీ ముందే చెప్పి, రిపేర్ ఆర్డరులో రాయించండి. దాచడం వల్ల ఉపయోగం లేదు. చాలా కార్లలో కంప్యూటర్ ప్రోగ్రాం ఎన్నిసార్లు మార్చారో కూడా లెక్క ఉంటుంది. ఒక్క అబద్ధం బయటపడితే మీ మిగతా నిజాలకి విలువ పోతుంది.

మైలేజీ, డాష్‌బోర్డు మీద వెలిగే లైట్లు, ఇంజిన్ గది, చక్రాలు, బాడీ మీద గీతలు, అన్నీ తేదీతో ఫోటోలు తీసుకోండి.

కాలిఫోర్నియాలో 1971 నాటి ఆటోమోటివ్ రిపేర్ చట్టం ప్రకారం పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా అంచనా ఇచ్చి మీ అనుమతి తీసుకోవాలి. బిల్లులో చేసిన పని, వేసిన పార్టులు వివరంగా ఉండాలి. తీసేసిన పాత పార్టులు మీకు కావాలంటే పనికి అనుమతి ఇచ్చేటప్పుడే అడగాలి. వారంటీ కింద కంపెనీకి తిప్పి పంపాల్సిన పార్టులు ఇవ్వరు కానీ చూపించమని అడగవచ్చు. మిగతా రాష్ట్రాల్లో నియమాలు వేరుగా ఉంటాయి, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ వెబ్‌సైట్ చూడండి.

ఇంకో మాట. కాలిఫోర్నియాలో ఇన్‌టేక్ లాంటి పార్టులకి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. ఆ నంబరున్న స్టిక్కరు ఇంజిన్ గదిలో అంటించి ఉంచుకోండి. అది లేకపోతే స్మాగ్ చెక్‌లోనే చిక్కు, పైగా డీలరు చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

తేడా కనిపించగానే

కారు నడపడం ఆపండి. శబ్దం వస్తున్నా పది రోజులు తిప్పితే, ఆ పది రోజుల నష్టం మీ ఖాతాలో వేస్తారు. వేరే చోట విప్పించే ముందు డీలరుకి ఈమెయిల్ పెట్టి, చూసి సరిచేయడానికి ఒక అవకాశం ఇవ్వండి. వాళ్ళు కాదన్నాక బయటి మెకానిక్ దగ్గర పరీక్ష చేయించి, కొలతలతో సహా రిపోర్టు రాయించుకోండి. "పని బాగా చెయ్యలేదు" అన్న మాట ఎవరినీ కదిలించదు. "రెండు క్వార్టులు పట్టే చోట ఒకటి కన్నా తక్కువ ఉంది, లీకు లేదు" అన్న మాట కదిలిస్తుంది. నాకు ఆ పరీక్షకి 140 డాలర్లయింది.

ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ, "ఇవాళ మీరు ఇలా అన్నారు, పొరపాటుంటే చెప్పండి" అని వెంటనే ఈమెయిల్ పంపండి. రహస్యంగా మాటలు రికార్డు చేయకండి. కాలిఫోర్నియాలో అవతలివాళ్ళ అనుమతి లేకుండా ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయడం నేరం.

డీలరు ఒప్పుకోకపోతే

మొదట సర్వీస్ మేనేజరు, తర్వాత జనరల్ మేనేజరు, ఆ పైన కంపెనీ కస్టమర్ సర్వీసు. ఒక పేజీ ఉత్తరం చాలు: ఏం జరిగింది, ఆధారాలేమిటి, మీకేం కావాలి, ఎప్పటిలోగా. తిట్లు వద్దు.

తర్వాతి మెట్టు ప్రభుత్వ సంస్థ. కాలిఫోర్నియాలో బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వాళ్ళు డబ్బు ఇప్పించమని ఆదేశించలేరు కానీ మధ్యవర్తిత్వం చేస్తారు. రిపేరు షాపుల రిజిస్ట్రేషన్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది కనుక వాళ్ళ ఫోను వస్తే డీలరు పట్టించుకుంటాడు.

మీరు అనుమతించిన పనికి డబ్బు కట్టకపోతే షాపు కారు ఆపుకోవచ్చు. కారు తప్పనిసరైతే "అండర్ ప్రొటెస్ట్" అని బిల్లు మీద రాసి క్రెడిట్ కార్డుతో కట్టండి. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం కింద, నాసిరకం పని గురించి కార్డు బ్యాంకుతో తగవు పెట్టుకోవచ్చు. కొన్ని షరతులున్నాయి: మొత్తం 50 డాలర్లు దాటాలి, షాపు మీ రాష్ట్రంలోనో మీ ఇంటికి 100 మైళ్ళ లోపో ఉండాలి, ముందు షాపుతో తేల్చుకునే ప్రయత్నం చేసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మొత్తం కార్డుకి ఇంకా చెల్లించి ఉండకూడదు.

చివరిది స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. వ్యక్తులకి కాలిఫోర్నియాలో 2024 నుంచి 12,500 డాలర్ల దాకా, టెక్సస్‌లో జస్టిస్ కోర్టులో 20,000 దాకా, న్యూజెర్సీలో 5,000 దాకా దావా వేయవచ్చు. కాలిఫోర్నియాలో ఇరువైపులా లాయర్లు వాదించడానికి వీల్లేదు, మనం మాట్లాడాల్సిందే. దావా బోర్డు మీది పేరుతో కాకుండా ఆ వ్యాపారం అసలు రిజిస్టరయిన పేరు మీద వేయాలి.

"మనకెందుకొచ్చిన గొడవ"

వీసా మీద ఉన్న మిత్రులు చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోతారు. కోర్టు అనగానే రికార్డులో మచ్చ పడుతుందని భయం. ఇది క్రిమినల్ కేసు కాదు, డబ్బు తగవు. కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్‌లో దావా వేయడానికి అమెరికా పౌరులై ఉండనక్కర్లేదు. మన యాస చూసి మెత్తబడతారనుకునే డీలరు, మన ఫైలు చూసి గట్టిగా ఆలోచిస్తాడు.

నా సంగతి కోర్టు దాకా వెళ్ళలేదు. ఉత్తరానికి జవాబు రాలేదు. బ్యూరోకి ఫిర్యాదు చేసిన రెండు వారాలకి జనరల్ మేనేజరు స్వయంగా ఫోను చేసి, గేర్‌బాక్స్ తమ ఖర్చుతో మారుస్తామన్నాడు. అద్దె కారు డబ్బులు, ఆ 140 డాలర్లు మాత్రం ఇవ్వలేదు. అక్కడితో సరిపెట్టుకున్నాను. కారు మా అబ్బాయి పుట్టడానికి పదకొండు రోజుల ముందు ఇంటికి వచ్చింది. ఈసారి డబ్బు కట్టే ముందే బిల్లులో గేర్ ఆయిల్ లెక్క చూసుకున్నాను.

మీ కారుకి ఇలాంటి అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను. వస్తే మాత్రం, ముందు పాత బిల్లులు తీయండి.