హైలాండ్ మాల్ కింద ఉన్న నేల

మా ఊరు ఆస్టిన్, టెక్సాస్ రాజధాని. 1970 జనాభా లెక్కల్లో ఇక్కడ 2,51,808 మంది ఉన్నారు. 2020లో 9,61,855 మంది. అంటే యాభై ఏళ్ళలో ఊరు దాదాపు నాలుగింతలయింది. ఇలా పెరిగే ఊళ్ళో పాత మాల్ ఏమవుతుంది? పాత స్ట్రిప్ సెంటర్ ఏమవుతుంది? ఈసారి దాని గురించి రాస్తున్నాను.

ముందు ఒక మాట. స్ట్రిప్ సెంటర్‌ని తెలుగులో ఏమంటారని మా అమ్మమ్మని అడిగాను. అమ్మమ్మది తెనాలి. "ఏముందిరా, కొట్ల వరస" అంది. నాకు ఆ మాట చాలా నచ్చింది. ముందు పార్కింగ్, వెనక ఒకే కప్పు కింద ఏడెనిమిది కొట్లు. నిజంగా వరసే. ఇక్కడి నుంచి నేను అదే వాడతాను. తెలంగాణ వాళ్ళు దుకాణాల వరస అనుకోండి.

అమెరికాలో మొట్టమొదటి మూసిన మాల్, అంటే పైకప్పు, ఏసీ ఉన్న మాల్, 1956లో మినెసోటాలో తెరిచారు. పేరు సౌత్‌డేల్. దాన్ని గీసిన ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్. 1938లో నాజీల నుంచి తప్పించుకుని వియన్నా నుంచి వచ్చిన మనిషి. మాల్ చుట్టూ ఇళ్ళు, స్కూళ్ళు, పార్కులు వస్తాయని, అది ఒక చిన్న ఊరులా ఉంటుందని ఆయన ఆశ. వచ్చింది మాత్రం పార్కింగే. ముసలితనంలో ఆయన తన మాల్స్‌ని తనే తిట్టుకున్నాడు.

మరి అన్ని మాల్స్ ఎందుకు కట్టారు? జనం కొనుక్కోవడానికే అనుకుంటాం. థామస్ హాంచెట్ అనే చరిత్రకారుడు ఇంకో కారణం చూపించాడు: పన్ను. 1954లో వచ్చిన చట్టం ప్రకారం, కొత్త భవనం కట్టినవాళ్ళు దాని తరుగుదలని మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా లెక్కలో చూపించుకోవచ్చు. భవనం బాగానే ఉంటుంది, కాగితం మీద మాత్రం త్వరగా పాతబడుతుంది. లాభం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి పన్ను తగ్గుతుంది. పాతదాన్ని బాగుచేసుకోవడం కన్నా ఊరి బయట కొత్తది కట్టడమే లాభం. తరుగుదల అనే మాట నాన్న చెప్పారు, ఆయన అకౌంటెంట్. తరగడం అంటే తగ్గడం కూడా, కూరగాయలు కోయడం కూడా. తెలుగు ఇలాంటి చోట నన్ను భలే నవ్విస్తుంది.

ఆస్టిన్‌లో హైలాండ్ మాల్ 1971లో తెరిచారు. ఊళ్ళో మొదటి పెద్ద మూసిన మాల్ అదే. ఐ-35, 290 హైవేలు కలిసే చోట, సుమారు 80 ఎకరాల్లో. అప్పుడది ఊరికి ఉత్తరపు అంచు. తర్వాత ఊరు దాన్ని దాటి వెళ్ళిపోయింది. 1981లో బార్టన్ క్రీక్ మాల్, 1995లో లేక్‌లైన్ మాల్, 2007లో డొమైన్ వచ్చాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ హైలాండ్‌కి వచ్చే జనం తగ్గారు. పెద్ద దుకాణాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఒక పెద్ద దుకాణం మూస్తే దాని పక్క చిన్న కొట్లకి బేరాలు ఉండవు. మాల్ చావు ఎక్కడైనా ఇలాగే ఉంటుంది, ఎక్కువ చెప్పక్కరలేదు.

కానీ 2009లో జరిగినది చెప్పాలి. ప్రతి వసంతంలో ఆస్టిన్‌లో టెక్సాస్ రిలేస్ అనే పరుగు పందేలు జరుగుతాయి. వాటికి టెక్సాస్ అంతటి నుంచి నల్లజాతి కుటుంబాలు, యువకులు వేలమంది వస్తారు. పందేలయ్యాక హైలాండ్ మాల్‌కి వెళ్ళడం వాళ్ళకి అలవాటు. ఆ ఏడాది పందేల శనివారం నాడు మాల్ తలుపులు ముందుగానే మూసేసింది. కొనేవాళ్ళు లేక అల్లాడుతున్న మాల్, వచ్చిన జనాన్ని చూసి తలుపు మూసుకుంది! నల్లజాతి నాయకులు గట్టిగా నిరసన తెలిపారు.

ఇది ఇంకా ఎందుకు మండుతుందంటే, ఆ నేల చరిత్ర వల్ల. మాల్‌కి ముందు అది ఖాళీ పొలం కాదు. సెయింట్ జాన్ బాప్టిస్ట్ అసోసియేషన్ అని నల్లజాతి చర్చిల సంఘం ఒకటి ఉంది. బానిసత్వం పోయిన తర్వాత పుట్టిన సంఘం. వాళ్ళు ఊరికి ఉత్తరాన వందల ఎకరాలు కొన్నారు. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ అనాథ పిల్లల కోసం ఒక పెద్ద భవనం, బడి కట్టారు. వేసవిలో అక్కడ సభలు జరిగేవి. దూరదూరాల నుంచి వేలమంది వచ్చి డేరాలు వేసుకునేవారు. ఇది చదువుతుంటే నాకు మన తిరనాళ్ళు గుర్తొచ్చాయి: దేవుడు, చుట్టాలు, తిండి, అన్నీ ఒకే చోట. ఆ భవనం 1956లో కాలిపోయింది. నేల అమ్ముడుపోయింది. దాని మీద మాల్ లేచింది. పక్కన ఉన్న పేట పేరు మాత్రం ఇప్పటికీ సెయింట్ జాన్స్.

ఇప్పుడు ఆ మాల్ కాలేజీ అయింది. ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ 2010 నుంచి 2012 లోపు ఆ స్థలాన్ని ముక్కలుముక్కలుగా కొన్నది. ముక్కలుగా ఎందుకంటే, మాల్ అంటే మనకి ఒకే భవనంలా కనిపిస్తుంది గాని ఓనర్లు చాలామంది. పెద్ద దుకాణాలు తమ భవనం, దాని కింద నేల తామే ఉంచుకుంటాయి. చాలా ఊళ్ళలో చచ్చిన మాల్స్ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండడానికి ఇదొక కారణం. ఒక్క ఓనరు ఒప్పుకోకపోయినా పని ఆగుతుంది. కాలేజీకి ఓపిక ఉంది. 2014 నవంబరులో ఓటర్లు 38.6 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు, అందులో కొంత హైలాండ్‌కి.

జేసీపెన్నీ దుకాణం ఉన్న భవనం 2014లో క్లాసులతో మొదలైంది. మాల్ మిగతా భాగం 2015 ఏప్రిల్‌లో పూర్తిగా మూసేశారు. నేను అక్కడ రెండు సెమిస్టర్లు లెక్కల క్లాసులకి వెళ్ళాను. ఒకే పెద్ద హాల్లో 600కి పైగా కంప్యూటర్లు ఉంటాయి. కిటికీలు లేని, స్తంభాలు దూరదూరంగా ఉన్న డిపార్ట్‌మెంట్ స్టోర్ కాబట్టే అంత హాలు కుదిరింది. పైకప్పుకి కన్నాలు పెట్టి వెలుగు తెచ్చారు. పార్కింగ్ స్థలాల్లో రోడ్లు వేశారు, పార్కులు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఆస్టిన్ పీబీఎస్ టీవీ స్టేషన్ కూడా అక్కడికి మారింది. గ్రూయెన్ చూసి ఉంటే కొంచెం సంతోషించేవాడేమో.

ఇంకో సంగతి. ఈ కాలేజీ మొదటి క్లాసులు 1973లో పాత ఆండర్సన్ హైస్కూల్ భవనంలో జరిగాయి. అది నల్లజాతి పిల్లల హైస్కూల్. జాతుల వేర్పాటు తీసేయాలన్న కోర్టు ఆజ్ఞ అమలులో 1971లో దాన్ని మూసేశారు, అంటే మాల్ తెరిచిన ఏడాదే. తెల్లవాళ్ళ స్కూళ్ళు ఉన్నాయి, వీళ్ళది పోయింది. కాలేజీ రెండుసార్లూ ఖాళీ అయిన చోటే చేరింది. అది కాలేజీ తప్పు అనను. ఖాళీ ఎలా అయిందో కూడా చెప్పాలి అంటాను.

హైలాండ్‌ని మార్చడం మంచి పనే అని నా అభిప్రాయం. అప్పటికి ఆ మాల్ ఎవరికీ పెద్దగా అవసరం లేదు. కొట్ల వరసల విషయం వేరు. వాటిని చూసి అందరూ ముఖం చిట్లిస్తారు, పాత తారు, వెలిసిపోయిన బోర్డులు అని. కానీ అక్కడ అద్దె తక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళు కొట్టు పెట్టేది అక్కడే. 1961లో జేన్ జేకబ్స్ నగరాల మీద రాసిన పుస్తకంలో ఈ వాదన చేసింది: కొత్త భవనం అద్దె చిన్న వ్యాపారం కట్టలేదు, అందుకే ఊరికి పాత భవనాలు కూడా కావాలి. ఆమె న్యూయార్క్ ఇటుక భవనాల గురించి రాసింది. మాకు ఇక్కడ ఆ పని కొట్ల వరసలే చేస్తాయి. గోంగూర దొరికేది అక్కడ. అమ్మ బ్లౌజులు కుట్టించుకునేది అక్కడ. నా చిన్నప్పటి తెలుగు క్లాసు కూడా అలాంటి చోటే, ట్యాక్స్ ఆఫీసు వెనక గదిలో, ఆదివారాలు.

ఇప్పుడు చట్టాలు మారుతున్నాయి. 2023 నవంబరులో ఆస్టిన్ కౌన్సిల్ ఊరంతటా పార్కింగ్ నిబంధన ఎత్తేసింది. అంటే ఇన్ని కార్లకి చోటు ఉండాల్సిందే అని ఇక లేదు. 2025లో రాష్ట్రం సెనేట్ బిల్లు 840 తెచ్చింది. సెప్టెంబరు 1 నుంచి పెద్ద నగరాల్లో వాణిజ్య స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టాలంటే జోనింగ్ మార్పు అడగక్కరలేదు. ఇళ్ళు కావాలి, నిజమే. మా అక్క కూడా అద్దెలు భరించలేక ఊరి బయటికి వెళ్ళిపోయింది. ఆ పార్కింగ్ ఎండలో ఖాళీగా కాలుతుండడం కన్నా ఇళ్ళు రావడమే మంచిది. కానీ జోనింగ్ మార్పు అడిగే రోజుల్లో కనీసం ఒక నోటీసు వచ్చేది, ఒక మీటింగ్ ఉండేది. 2006లో నార్త్‌క్రాస్ మాల్ స్థలంలో పెద్ద వాల్‌మార్ట్ వస్తుందంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టు దాకా వెళ్ళారు. కోర్టులో గెలవలేదు గాని, చివరికి వచ్చిన దుకాణం చాలా చిన్నది. వాళ్ళు సొంత ఇళ్ళు ఉన్నవాళ్ళు. కొట్లో అద్దెకున్నవాళ్ళకి ఆ బలం లేదు, లీజులో ఏం రాసి ఉంటే అదే.

మేం సరుకులు తెచ్చుకునే కొట్టు అంకుల్ పందొమ్మిదేళ్ళుగా అదే వరసలో ఉన్నారు. ఆయన లీజు వచ్చే మార్చికి అయిపోతుంది. ఎప్పటిలాగే ఐదేళ్ళకి రాయమని అడిగారట. ఈసారి ఓనరు ఒక్క ఏడాదికే రాస్తానన్నాడట.