శ్రీశైలానికి ఈశాన్యాన: ఉక్కు నగరంలో సృష్టి, ఆత్మ ప్రశ్నలు

తెలుగువారి ఇంట్లో వ్రతమైనా, గృహప్రవేశమైనా, తద్దినమైనా పురోహితుడు ముందు సంకల్పం చెప్పిస్తాడు. అందులో స్థలం చెప్పేటప్పుడు శ్రీశైలాన్ని గుర్తుగా పెట్టుకోవడం ఆనవాయితీ. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున అని చెబుతారు. ఆ లెక్కన టాటానగర్ శ్రీశైలానికి ఈశాన్యాన ఉంటుంది. తర్వాత కాలం వస్తుంది: బ్రహ్మకు రెండో పరార్ధం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగంలో మొదటి పాదం, చివరికి నేటి తిథి. ఆపైన కర్త గోత్రం, పేరు.

రెండు నిమిషాల్లో విశ్వం మొదలు నుంచి ఒక మనిషి పేరు దాకా రావడం ఇందులోని విశేషం. హిందూ తత్త్వశాస్త్రంలోని రెండు పెద్ద ప్రశ్నలూ ఇక్కడే ఉన్నాయి. ఈ విశ్వం ఎలా వచ్చింది? చివర్లో పేరుతో పిలిచిన ఆ ‘నేను’ ఎవరు? సంకల్పం అందరికీ ఒకటే అయినా, ఈ ప్రశ్నలకు దర్శనాలు ఇచ్చే జవాబులు మాత్రం ఒకటి కావు.

సాక్‌చీ అనే పల్లె దగ్గర ఉక్కు కర్మాగారం లేచి, 1912లో తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. రైల్వేలోకి, కర్మాగారంలోకి పనికి వచ్చినవారిలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు చాలామంది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు.

కల్పం లెక్క, కాళ్ల కింది రాయి

పురాణాల లెక్కలో నాలుగు యుగాలు కలిస్తే ఒక మహాయుగం. దాని నిడివి 43,20,000 ఏళ్లు. వెయ్యి మహాయుగాలు బ్రహ్మకు ఒక పగలు, అదే కల్పం: 432 కోట్ల ఏళ్లు. అంతే నిడివి గల రాత్రిలో లోకాలు లీనమై ఉంటాయి. ఇక్కడ సృష్టి అంటే ఒక్కసారి జరిగి ఆగిపోయిన సంఘటన కాదు. వ్యక్తమవడం, లయమవడం, మళ్లీ వ్యక్తమవడం.

భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లని సైన్స్ అంటోంది కాబట్టి ‘మన పూర్వికులకు ముందే తెలుసు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. కాస్త ఆగి లెక్క చూడాలి. 432 కోట్లు కల్పం మొత్తం నిడివి. సంకల్పం ప్రకారం మనం ఇప్పుడున్నది ఏడో మన్వంతరంలో, 28వ మహాయుగంలో. అంటే కల్పం మొదలై గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్లే. మరోవైపు, టాటానగర్ నిలిచిన సింగ్‌భూమ్ ప్రాంతపు ప్రాచీన శిలాఫలకం 320 నుంచి 330 కోట్ల ఏళ్ల కిందటే సముద్రం మీదికి లేచిందని, భూమిపై తొలిగా పైకి తేలిన నేలల్లో ఇదొకటని 2021లో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం ప్రకటించింది. రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఇక్కడి రాయి ఈ కల్పం కంటే పాతది.

దీనివల్ల పురాణం తప్పని తేలినట్టూ కాదు, ఒప్పని తేలినట్టూ కాదు. కల్పం లెక్క భూగర్భ శాస్త్రం చేసే పని చేయడానికి పుట్టలేదు. మనిషి ఆయుష్షును ఎంత పెద్ద కాలంలో ఉంచి చూడాలో చెప్పడానికి పుట్టింది. రెంటినీ బలవంతంగా కలిపితే రెండూ పాడవుతాయి.

వేదంలో ఒకే కథ లేదు

ఋగ్వేదం పదో మండలంలోనే మూడు వేర్వేరు చిత్రాలున్నాయి. పురుషసూక్తంలో విరాట్ పురుషుడి యజ్ఞం నుంచి లోకం వస్తుంది. హిరణ్యగర్భ సూక్తంలో బంగారు పిండం. 129వది నాసదీయ సూక్తం. అప్పుడు ఉన్నదీ లేదు, లేనిదీ లేదు అని మొదలుపెట్టి, ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పై ఆకాశంలో ఉన్నవాడికైనా తెలుసో తెలియదో అన్న సందేహం దగ్గర అది ఆగుతుంది. ప్రపంచ మత సాహిత్యంలో ఇలా సందేహంతో ముగిసే సృష్టి గీతాలు అరుదు.

ఉపనిషత్తుల్లోనూ ఏకరూపత లేదు. తైత్తిరీయం ఆత్మ నుంచి ఆకాశం, దాన్నుంచి వాయువు, అగ్ని, జలం, భూమి అని అయిదు భూతాలు చెబుతుంది. ఛాందోగ్యం తేజస్సు, జలం, అన్నం అని మూడింటితోనే సరిపెడుతుంది. ఈ తేడాను వ్యాఖ్యాతలు దాచలేదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో దీని మీదే పెద్ద చర్చ నడిచింది.

ఇనుము చెప్పిన పాఠం

ఉక్కు నగరంలో ఉన్న పాఠకుడికి ఛాందోగ్యం ఆరో అధ్యాయం దగ్గరగా అనిపించాలి. పన్నెండేళ్ల వయసులో గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట అన్నీ చదివానన్న గర్వంతో తిరిగొచ్చిన శ్వేతకేతుడికి తండ్రి ఉద్దాలకుడు మూడు ఉదాహరణలు ఇస్తాడు. మట్టి ముద్ద తెలిస్తే కుండలన్నీ తెలిసినట్టే. బంగారం తెలిస్తే నగలన్నీ తెలిసినట్టే. మూడోది ఇనుము: గోళ్లు తీసుకునే చిన్న పనిముట్టును సరిగా తెలుసుకుంటే ఇనుప వస్తువులన్నీ తెలిసినట్టే. ఆకారం, పేరు మారతాయి, పదార్థం మారదు. విశ్వానికి కూడా అలాంటి మూల పదార్థం ఒకటుందని, దాని పేరు సత్ అని, శ్వేతకేతుడు కూడా అదేనని తండ్రి చెప్పడంతో తత్త్వమసి మహావాక్యం వస్తుంది. సృష్టి ప్రశ్నకూ ఆత్మ ప్రశ్నకూ ఒకే సంభాషణలో ముడి పడిన చోటు ఇది.

అయితే కారణానికీ కార్యానికీ ఉన్న సంబంధం దగ్గరే దర్శనాలు విడిపోయాయి. నోవాముండి గనుల్లోని ఎర్ర ఖనిజం బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి వెళ్లి, చివరికి రైలు పట్టాగా మారుతుంది. ఆ పట్టా ఖనిజంలో ముందే ఉందా?

ఉందంటుంది సాంఖ్యం. నువ్వుల్లో నూనె ఉంది కాబట్టే వస్తుంది, ఇసుక నుంచి రాదు. కార్యం కారణంలో దాగి ఉండి వ్యక్తమవుతుంది, అందుకే విశ్వమంతా ప్రకృతి పరిణామమే. లేదంటారు న్యాయ వైశేషికులు. దారాల్లో బట్ట లేదు, నేసిన తర్వాతే కొత్తగా వచ్చింది. పరమాణువులు నిత్యం, వాటిని కూర్చే ఈశ్వరుడు నిమిత్త కారణం, అంటే కుమ్మరిలాంటివాడు. అద్వైతులది మూడో మాట: తాడు పాముగా కనిపించినట్టు బ్రహ్మమే జగత్తుగా కనిపిస్తోంది, నిజంగా మారిందేమీ లేదు. ఇక కుమారిల భట్టు వంటి మీమాంసకులు అసలు సృష్టీ ప్రళయమూ జరిగాయనే ఒప్పుకోరు. లోకం ఎప్పుడూ ఇలాగే నడుస్తోందని వారి వాదం. వేదాన్ని పరమ ప్రమాణంగా నమ్మేవారే సృష్టికర్త అక్కర్లేదన్నారన్న సంగతి చాలామంది ఆస్తికులకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సాంఖ్యానికి ఒక చిక్కుంది. ప్రకృతి జడం, పురుషుడు నిష్క్రియుడు. మరి కదలిక ఎక్కడిది? దానికి వారిచ్చిన జవాబుల్లో అయస్కాంతం ఒకటి. అయస్కాంతం తాను కదలకుండానే దగ్గరున్న ఇనుమును కదిలిస్తుంది, పురుషుడి సన్నిధి కూడా అంతే. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని పట్టుకుని అడిగారు: పురుషుడి సన్నిధి ఎప్పుడూ ఉండేదే కదా, అప్పుడు సృష్టి ఆగడమనేదే ఉండకూడదు, మోక్షం ఎలా వస్తుంది? ప్రశ్న పదునైనదే. అయితే మార్పులేని బ్రహ్మంలో మాయ ఎందుకు మొదలైందన్న ఎదురుప్రశ్న అద్వైతాన్నీ వదల్లేదు. అనాది, అనిర్వచనీయం అన్నదే వారి జవాబు. రామానుజులు దాన్ని తీవ్రంగా ఖండించారు.

శంకరుల పరమ గురువుగా చెప్పే గౌడపాదులు ఇంకా ముందుకు వెళ్లారు. మట్టి, లోహం, నిప్పురవ్వల ఉదాహరణలతో చెప్పిన సృష్టి అంతా శిష్యుణ్ణి ఏకత్వంలోకి దించడానికి వేసిన మెట్టు మాత్రమేనని, నిజానికి భేదమే లేదని మాండూక్య కారికల్లో తేల్చారు. అంటే సృష్టి కథ భౌతిక శాస్త్రమా, బోధనా పద్ధతా అన్న ప్రశ్న ఈనాటి హేతువాదులు తెచ్చింది కాదు. సంప్రదాయం లోపలే వెయ్యేళ్లకు ముందు నుంచి ఉంది.

కాలిన ఇనుప ముద్ద

ఆత్మ గురించి వేదాంతులు ఎక్కువగా వాడిన ఉపమానం కూడా కొలిమి నుంచే వచ్చింది. ఎర్రగా కాలిన ఇనుప ముద్ద తగిలితే ‘ఇనుము కాల్చింది’ అంటాం. కాల్చింది నిప్పు. ఆ ముద్ద గుండ్రంగా మెరుస్తోందంటాం. మెరుపు నిప్పుది, గుండ్రదనం ఇనుముది. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడంతో ఒకదాని ధర్మం మరొకదానికి అంటగడతాం. ‘నేను లావయ్యాను’, ‘నాకు బాధగా ఉంది’ అన్నప్పుడు జరిగేది కూడా ఇదేనని అద్వైతం చెబుతుంది. చైతన్యం ఆత్మది. లావు దేహానిది, బాధ మనసుది. ఈ కలగాపులగానికి అధ్యాస అని పేరు. శంకరులు తమ భాష్యాన్ని దీని చర్చతోనే మొదలుపెట్టారు.

న్యాయ దర్శనం దీనికి ఒప్పుకోదు. ఆత్మ ఒక ద్రవ్యం, జ్ఞానం దానికి వచ్చి పోయే గుణం, గాఢనిద్రలో అది ఉండదు. సాంఖ్యానికి పురుషులు అనేకులు. విశిష్టాద్వైతానికి జీవులు, జగత్తు కలిసి బ్రహ్మానికి శరీరం. మధ్వులకు జీవుడూ ఈశ్వరుడూ ఎన్నటికీ ఒకటి కారు. చార్వాకులు దేహం తప్ప ఆత్మే లేదన్నారు.

ఈ చర్చలో తెలుగువారి వాటా చిన్నది కాదు. న్యాయశాస్త్రంలో తొలి పాఠ్యపుస్తకంగా దేశమంతా చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. శుద్ధాద్వైతం చెప్పిన వల్లభాచార్యులు తెలుగు కుటుంబంలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యంలో పుట్టారు. జగత్తు భ్రమ కాదు, బంగారం నగ అయినట్టు బ్రహ్మమే ఏ వికారమూ లేకుండా జగత్తయిందని ఆయన మాట. మధ్వుల శిష్యుడు నరహరి తీర్థులు కళింగ రాజ్యంలో అధికారం నెరపినట్టు శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలోని 1281 నాటి శాసనం చెబుతుంది.

ఓడలో కలిసిన ఇద్దరు

టాటానగర్‌లో ఈ విషయం ఎత్తితే వివేకానందుడి పేరు రాకుండా ఉండదు. 1893లో జపాన్ నుంచి వాంకూవర్ వెళ్లే ఓడలో ఆయన, జంషెడ్జీ టాటా కలిసి ప్రయాణించారు. ఆ పరిచయాన్ని గుర్తు చేస్తూ 1898 నవంబర్ 23న టాటా ఆయనకు ఉత్తరం రాశారు. ఉత్తరంలో ఉన్నది ఉక్కు గురించి కాదు. తాను తలపెట్టిన విజ్ఞాన పరిశోధన సంస్థ గురించి, దేశంలోని సన్యాస స్ఫూర్తిని సైన్సు వైపు మళ్లించడం గురించి. ఆ సంస్థే 1909లో బెంగళూరులో ఏర్పడిన ఐఐఎస్సీ.

వివేకానందుడు ప్రాణం, ఆకాశం అనే సాంఖ్య వేదాంత పదాలను శక్తి, పదార్థాలతో పోల్చారు. ఆ రెండూ ఒకే మూలానికి చెందినవని నికోలా టెస్లా గణితంతో నిరూపించగలనంటున్నారని 1896 ఫిబ్రవరిలో ఒక ఉత్తరంలో ఉత్సాహంగా రాశారు. టెస్లా నుంచి ఆ నిరూపణ రాలేదు. 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన సమీకరణం వేరే దారిలో వచ్చింది. ఈ మూడింటినీ కలిపి ‘వేదాంతమే సాపేక్షతకు మూలం’ అని చెప్పడం వివేకానందుడి మాటను కూడా దాటిపోవడమే. ఆయన రాసింది ఆశ, రుజువు కాదు.

తాబేలు ఎవరిది?

సృష్టి గురించి ఈ నేల మీద హిందూ దర్శనాలొక్కటే మాట్లాడలేదు. సంతాల్‌ల కథలో మొదట అంతా నీరే. ఠాకుర్ జీవ్ చేసిన హాఁస్, హాఁసిల్ అనే జంట పక్షులకు వాలడానికి చోటు లేదు. వానపాము నీటి అడుగు నుంచి మట్టి తెచ్చి తాబేలు వీపు మీద పోస్తుంది, నేల ఏర్పడుతుంది. ఆ పక్షుల గుడ్ల నుంచి తొలి మానవ జంట పిల్చు హారామ్, పిల్చు బూఢీ పుడతారు. 1887లోనే ఈ కథ సంతాలీలో అచ్చయింది.

శ్రీకూర్మం ప్రాంతం నుంచి వచ్చినవారికి తాబేలు వినగానే కూర్మావతారం గుర్తొస్తుంది. శతపథ బ్రాహ్మణంలో ప్రజాపతి తాబేలు రూపం ధరించి ప్రజలను సృష్టించాడన్న కథా ఉంది. అంతమాత్రాన రెండూ ఒకటేనని అనేయడం తొందరపాటు. మరణం తర్వాత ఏమవుతుందన్న చోట తేడా బయటపడుతుంది. ఉపనిషత్తులు కోరేది తిరిగి రాని స్థితి. సింగ్‌భూమ్‌లోని హో ఆదివాసులు చనిపోయినవారి నీడను కర్మకాండతో ఇంటికి తిరిగి పిలుచుకుంటారు. ఇంటి లోపల ‘ఆదింగ్’ అనే పవిత్ర స్థానంలో పూర్వికులతో పాటు చోటిస్తారు.

ఈ తేడా ఇప్పుడు జనగణన ఫారం దాకా వచ్చింది. 2011లో ఆరు మతాలకే కోడ్‌లున్నా, దాదాపు 49.5 లక్షల మంది ‘ఇతర’ కింద సర్నా అని రాయించుకున్నారు. వారిలో 41 లక్షలకు పైగా ఝార్ఖండ్‌వారే. ఆదివాసుల విశ్వాసం హిందూ మతంలో ఒక శాఖేనని కొందరు, అది వేరని సర్నా సంఘాలు వాదిస్తున్నాయి. ప్రత్యేక కోడ్ కావాలని 2020 నవంబర్ 11న ఝార్ఖండ్ శాసనసభ ప్రత్యేక సమావేశంలో తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది.