తాత పంపు

మా తాత కామాఠిపురా చాల్‌లో ఉంటాడు. నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయిలో ఇళ్ళు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలే కామాఠీలు. వాళ్ళ వల్లే పేటకు ఆ పేరు. తర్వాత వచ్చిన మనవాళ్ళు చాలామంది బట్టల మిల్లుల్లో చేరారు. తాత దూది ఏకే ఖాతాలో పనిచేశాడు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది, చాలా మిల్లులు మళ్ళీ తెరవలేదు. దూది దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. "మెట్లెక్కితే దమ్మొస్తది రా" అంటాడు.

ఆయన వాడే పంపు చరిత్ర వెతికాను. 1956లో అమెరికాలో రైకర్ కంపెనీ తెచ్చింది. ఆ కంపెనీ పెద్దకు ఆస్తమా ఉన్న 13 ఏళ్ళ కూతురు ఉండేది. జుట్టుకు కొట్టే స్ప్రేలాగా నా మందు ఎందుకు రాదని అడిగిందట. నాకంటే రెండేళ్ళు చిన్నది!

తాత మాత్రం రెండేళ్ళుగా తప్పుగా వాడుతున్నాడని మొన్ననే తెలిసింది. ముందు నొక్కి, తర్వాత పీలుస్తున్నాడు. మందంతా నోట్లో, గొంతులోనే ఆగిపోతోంది. ఎలా పీల్చాలో ఎవరూ చూపించలేదు. వణికే చేతులకు నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు కూడా. ఇప్పుడు స్పేసర్ అనే గొట్టం పెట్టాం. మందు అందులో కాసేపు నిలుస్తుంది, మెల్లగా పీల్చుకోవచ్చు. పీల్చాక ఊపిరి బిగబడతాడు, నేను పది లెక్కపెడతాను. నిన్న ఏడు దాకా వచ్చాడు.