వార్డే బడిగా ఉన్న రోజులు: నర్సింగ్ శిక్షణ చరిత్ర, ఉప్పల్–నాచారం సంఘాలకు దాని పాఠము

ఉపోద్ఘాతము

తెలుగులో 'పరిచర్య' అనే మాట రెండు చోట్ల వినబడుతుంది. సంఘములో కాపరి చేసేది పరిచర్య. ఆసుపత్రిలో రోగి మంచము పక్కన నర్సు చేసేదీ పరిచర్యే. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు పరిచయము చేసే ఫీబే మన తెలుగు బైబిలులో సంఘ పరిచారకురాలు. నర్సుకు అచ్చులో కనబడే తెలుగు మాట పరిచారిక. మాట ఒకటే అయినా, కాపరి శిక్షణ ఎలా జరగాలో పట్టించుకునే సంఘము నర్సు శిక్షణ ఎలా జరుగుతుందో అడగడము అరుదు.

నర్సింగ్ పుస్తకముతో మాత్రమే వచ్చే విద్య కాదు. రోగి దగ్గర నిలబడి నేర్చుకోవలసినది. అందుచేత ఈ విద్య చరిత్ర అంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. విద్యార్థినికి రోగి పక్కన చోటు ఎవరు చూపించాలి? ఆ చోట ఆమెకు నేర్పే బాధ్యత ఎవరిది? మొదటి ప్రశ్నకు జవాబు దొరికిన ప్రతి కాలములోనూ రెండవది మరుగున పడే ప్రమాదమున్నదని చూపడము ఈ వ్యాసము ఉద్దేశము.

1. ఒక కాపరి మొదలుపెట్టిన పని

ఆధునిక నర్సింగ్ శిక్షణకు మూలము ఒక చిన్న సంఘములో ఉన్నది. జర్మనీలో రైను నది ఒడ్డున ఉన్న కైసర్‌స్వర్త్‌కు థియోడర్ ఫ్లీడ్నర్ 1822లో కాపరిగా వచ్చాడు. ఆయన వచ్చిన కొద్ది రోజులకే, సంఘస్థులకు అన్నము పెడుతున్న మఖమలు మిల్లు దివాలా తీసింది. సంఘాన్ని నిలబెట్టడానికి హాలెండు, ఇంగ్లండు తిరిగి చందాలు పోగుచేశాడు. ఆ ప్రయాణాలలో అక్కడి క్రైస్తవులు చెరసాలలలో, ఆసుపత్రులలో చేస్తున్న సేవ చూశాడు. 1836లో భార్య ఫ్రీడరికేతో కలిసి ఒక చిన్న ఆసుపత్రిని, డీకనెస్సుల శిక్షణ గృహాన్ని ప్రారంభించాడు. సామాన్య కుటుంబాల యువతులకు అక్కడ వసతి, భోజనము, శిక్షణ, రక్షణ ఒకే కప్పు కింద దొరికాయి. 'మా అమ్మాయి ఎక్కడ ఉంటుంది? ఎవరు చూసుకుంటారు?' అని అడిగే తల్లిదండ్రులకు అది సరైన జవాబు.

1851లో ఫ్లారెన్స్ నైటింగేల్ అక్కడ సుమారు మూడు నెలలు గడిపింది. వారి భక్తిని, సమర్పణను మెచ్చుకున్నది. అయితే అక్కడి నర్సింగ్ నైపుణ్యము మాత్రము చాలా తక్కువని తరువాతి కాలములో నిష్కర్షగా చెప్పింది. ఈ విమర్శను మనము తేలికగా తీసుకోకూడదు. సమర్పణ ఉన్నంత మాత్రాన విద్య రాదు, నేర్పేవారు కావాలి.

1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరిట మొదలైన బడికి ఒక ప్రత్యేకత ఉన్నది. క్రిమియా యుద్ధము నాడు ప్రజలిచ్చిన చందాలతో ఏర్పడిన నిధి ఆ బడిని పోషించింది. విద్యార్థిని ఖర్చు నిధి భరించింది గనుక, ఆమె నేర్చుకోవడానికి వచ్చినదే గాని పనికి కుదిరినది కాదని చెప్పే హక్కు బడికి ఉన్నది. తరువాత అనేక దేశాలలో ఆసుపత్రులు ఈ పద్ధతిని అనుకరించాయి గాని, విడి నిధిని మాత్రము అనుకరించలేదు. అన్నము పెట్టేది ఆసుపత్రి కాబట్టి పని కూడా ఆసుపత్రిదే అయింది. 1923లో అమెరికాలో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక ఎత్తిచూపిన లోపము ఇదే: వార్డు అవసరమూ విద్యార్థిని చదువూ ఢీకొన్నప్పుడు ఓడిపోయేది చదువే.

2. తెలుగు నేలపై: గుంటూరు నమూనా

1842లో ఫాదర్ హేయర్‌తో ఆరంభమైన గుంటూరు లూథరన్ మిషనుకు 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చారు. అమెరికాలో వైద్యవిద్య చదివి వచ్చినప్పటికీ, మొదట ఆమెకు అప్పగించినది స్త్రీల మధ్య బోధనా పరిచర్య. వైద్య సేవకు మిషను గుర్తింపు తరువాత లభించింది. నర్సు కేథరిన్ ఫాస్ 1894లో వచ్చి చేరారు. 1898లో స్త్రీల ఆసుపత్రి తెరుచుకున్నది. నర్సుల శిక్షణ ఆ ఆసుపత్రి గోడల లోపలే సాగింది.

ఆ కాలములో పరాయివారి శరీరాన్ని తాకి, రక్తాన్ని, మలమూత్రాలను శుభ్రము చేసే పనికి కూతుళ్లను పంపడానికి అగ్రకులాల కుటుంబాలు ఇష్టపడలేదు. మిషను బోర్డింగు బడులలో చదివిన క్రైస్తవ బాలికలు, ముఖ్యముగా దళిత సంఘాల నుండి వచ్చినవారు, విధవరాండ్రు ఈ పనిలోకి వచ్చారు. సమాజము అంటరానివారన్న చేతులే వార్డులలో అన్ని కులాల రోగులకూ మందు తాగించాయి.

మిషను ఆసుపత్రి పద్ధతిలో బడి, వార్డు, హాస్టలు ఒకే ప్రహరీ లోపల ఉండేవి. పాఠము చెప్పిన సిస్టరే వార్డులో చేయి పట్టి చేయించేది. విదేశీ నర్సు తెలుగు నేర్చుకోక తప్పలేదు గనుక విద్యార్థినికి భాష అడ్డుగోడ కాలేదు. క్లినికల్ పోస్టింగు కోసము ఎవరి గుమ్మము తొక్కవలసిన అవసరము లేదు. అయితే దీనికి మూల్యమున్నది. ఆసుపత్రిలో చాకిరీ చేసే చేతులలో అధిక భాగము విద్యార్థినులవే. రాత్రి డ్యూటీ చేసి పగలు పాఠము వినవలసిన ఆ పిల్లల శ్రమను 'సేవ' అనే మాట చాలాసార్లు కప్పివేసింది.

ఒక్కో ఆసుపత్రి ఒక్కో తీరుగా నేర్పితే సరిపోదని 20వ శతాబ్దపు తొలి దశకాలలోనే మిషను ఆసుపత్రులు గ్రహించి ఉమ్మడి పరీక్షా మండళ్లను ఏర్పరచుకున్నాయి. 1926లో మద్రాసు రాష్ట్రములో నర్సుల రిజిస్ట్రేషను చట్టము వచ్చింది. 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారము అవిభక్త భారతదేశములో నర్సులు సుమారు 7,000 మంది, అనగా 43,000 మందికి ఒకరు. అదే సంవత్సరము వెల్లూరులోనూ ఢిల్లీలోనూ డిగ్రీ స్థాయి నర్సింగ్ విద్య మొదలైంది. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టము వచ్చింది. నర్సు పనిమనిషి కాదు, విద్యావంతురాలు అన్న గుర్తింపుకు ఇవి మెట్లు.

3. బడి, వార్డు విడిపోయిన తరువాత

విద్య విశ్వవిద్యాలయాల పరిధిలోకి వచ్చి, ప్రైవేటు కాలేజీలు పెరిగిన తరువాత చిత్రము తలకిందులైంది. విద్యార్థిని ఇప్పుడు ఫీజు కట్టి చదివే మనిషి. ఇది ఒక విధముగా విడుదలే. కాని అన్ని విభాగాలూ ఉన్న సొంత ఆసుపత్రి ప్రతి కాలేజీకి ఉండదు. కాలేజీ ఇతర ఆసుపత్రులకు ఉత్తరము వ్రాసి, అనుమతి తెచ్చుకొని, ఇన్ని వారాలకు ఇంతమంది అని విద్యార్థులను పంపాలి. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు అన్నది నర్సింగ్ మండలి ప్రమాణము. అనేక కాలేజీల పిల్లలు ఒకే వార్డులో చేరితే ఆ లెక్క తిరగబడి, ఒక రోగి చుట్టూ పలువురు నిలబడతారు. కాలేజీ ట్యూటరు వెంట రాకపోతే, వార్డు సిస్టరుకు తన రోగులే ఎక్కువైతే, ఆ పిల్ల బీపీ చూసి, పక్క దులిపి, ప్రొసీజర్ బుక్‌లో సంతకము కోసము ఎదురు చూస్తుంది. సంతకము దొరుకుతుంది; విద్య దొరకదు. రేపు ఆమె చేతి సూది కింద పడుకునే రోగికి ఆ తేడా తెలుస్తుంది.

4. ఉప్పల్, నాచారం సంఘాల ముందున్న పని

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల చుట్టూ పెరిగిన ప్రాంతాలు. 1948 చట్టము కింద కార్మికుల కోసము ఏర్పడిన ఇ.ఎస్.ఐ. వ్యవస్థకు చెందిన ఆసుపత్రి నాచారంలో ఉన్నది. కాని నర్సింగ్ పాఠ్యాంశాలు నగరమంతటా చెదిరి ఉన్నాయి. మానసిక చికిత్సాలయము ఎర్రగడ్డలో, అంటువ్యాధుల ఆసుపత్రి నల్లకుంటలో, పిల్లల కోసము నీలోఫర్ రెడ్‌హిల్స్‌లో. 2017 నవంబరులో మెట్రో వచ్చిన తరువాత కూడా ఉప్పల్ నుండి ఎర్రగడ్డకు పోవాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. ఉదయము డ్యూటీకి చేరాలంటే తెల్లవారకముందే లేవాలి.

దీనికి తోడు భాష. పల్లె నుండి తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన అమ్మాయి అనాటమీని ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో పరీక్ష వ్రాసి, రోగితో తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడాలి. మొదటి సంవత్సరములో ఆమెను వెనక్కి లాగేది తెలివితక్కువతనము కాదు, ఈ మూడు భాషల మధ్య నలుగుడు.

సంఘము ఆసుపత్రి కట్టలేకపోవచ్చు. చేయగలిగినవి వేరే ఉన్నాయి. ఒకటి, ఫీజు కట్టకముందే తల్లిదండ్రుల పక్షాన కాపరి అడగవలసిన ప్రశ్నలు: ఏ ఆసుపత్రికి పంపుతారు? అక్కడ పడకలు ఎన్ని? ట్యూటరు వెంట వస్తారా? కాలేజీ గుర్తింపు కాగితాలు చూపిస్తారా? రెండు, వారములో అనేక దినాలు ఖాళీగా ఉండే సంఘ హాలును సాయంత్రపు చదువు గదిగా తెరవడము. మూడు, సంఘములోనే ఉన్న అనుభవజ్ఞులైన, పదవీ విరమణ చేసిన నర్సులను ఈ పిల్లలతో కలపడము. ఇంగ్లీషు వైద్య పదాన్ని తెలుగులో విప్పి చెప్పడానికి వారిని మించినవారు లేరు. నాలుగు, రాత్రి డ్యూటీ చేసి ఆదివారము ఆరాధనకు రాలేకపోయిన అమ్మాయిని గైర్హాజరు లెక్కలో వేయక, పరిచర్యలో ఉన్నదని గుర్తించడము.

ముగింపు

కైసర్‌స్వర్త్ వసతి ఇచ్చింది, నైపుణ్యములో తక్కువైంది. మిషను ఆసుపత్రి పక్కన నిలబడి నేర్పింది, శ్రమను అధికముగా తీసుకున్నది. నేటి కాలేజీ శ్రమ భారము తగ్గించింది, కాని పక్కన నిలబడే మనిషిని చాలా చోట్ల పోగొట్టుకున్నది. కాబట్టి పాత మిషను కాలము తిరిగి రావాలని కోరుకోవడము చరిత్రకు న్యాయము కాదు. ఆ కాలము నుండి మనము తెచ్చుకోవలసినది ఒక్కటే: నేర్చుకునే పిల్ల పక్కన నేర్పే మనిషి ఉండాలన్న పట్టుదల. మిల్లు మూతపడిన ఊరిలో ఒక కాపరి ఆ పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీల మధ్య పరిచర్య చేస్తున్న ఉప్పల్, నాచారం కాపరులకు అది పరాయి పని కాదు.